సమానయంత్రముల సంభాషణము

కంప్యూటరనగానే బల్లమీది చిన్న పెట్టె మన విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చును. పెద్ద బ్యాంకులలో గదినిండ నుండు మహాయంత్రములను గూర్చి తల్లిదండ్రులలో కొందఱు వినియుందురు. ఈ రెంటికిని నడుమ మఱియొక తరగతి కలదు. మిల్లులు, టోకు వర్తకులు తమ జమాఖర్చులను, సరకుల లెక్కలను వీనియందుంచుకొందురు. ఐ.బి.యం. సంస్థవారు 1983లో వెలువరించిన సిస్టమ్ 36, 1988 జూనులో వెలువరించిన ఏ.యస్. 400 ఇట్టివి. రెండును అమెరికాలో మినెసోటా రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణమున రూపొందినవి. ఇవి యొండొంటితో నెట్లు మాటలాడుకొనుచుండెనో తెలుపుటయే మా యుద్దేశము.

1974లో ఆ సంస్థవారు ప్రకటించిన యస్.యన్.ఏ. పద్ధతిలో మహాయంత్రమే దొర, తక్కినవి బంట్లు. ప్రక్కప్రక్కనున్న రెండు కార్యాలయములైనను దొర యనుమతి లేక సంభాషణ మారంభింపరాదు. మార్గములన్నియు మనుష్యులు ముందుగా పట్టికలలో వ్రాసియుంచవలెను. దొర మూర్ఛిల్లెనా, క్రొత్తగా నెవ్వరును నోరు తెఱువలేరు. కొట్టులో బేరమునకు వచ్చినవాడు మాత్రము వేచియుండడు గదా!

1986లో సిస్టమ్ 36తో మొదలైన ఏ.పి.పి.యన్. పద్ధతి యీ చిక్కును విప్పినది. ఒక వర్తకునకు చికాగోలో ప్రధాన కార్యాలయము, సెయింట్ లూయీలో గిడ్డంగి, డెన్వరులో కొట్టు ఉన్నవనుకొందము. డెన్వరు యంత్రమునకు చికాగోలోని లెక్క కావలెను. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు రచ్చబండయొద్ద ఫలానావారి యిల్లెక్కడ నని యడుగునట్లు, అది తనకు పెద్దయైన సెయింట్ లూయీ యంత్రము నడుగును. దానికిని తెలియనిచో అది తనవంటి పెద్దల నందఱ నడుగును. చికాగో యంత్రము "ఇచట నున్న"దని బదులు పలుకును.

పిమ్మట దారి నెన్నుకొనవలెను. ఏ తీగ యెచ్చటినుండి యెచ్చటికి బోవునో, దాని వేగమెంతయో, వెల యెంతయో, మాట చేరుట కెంత యాలస్యమగునో తెలుపు పట మొకటి పెద్దయంత్రములన్నిటియందు నుండును. తీగ తెగినచో ఆ వార్త యన్ని పటములకు నెక్కును. డెన్వరునుండి చికాగోకు ఉపగ్రహమార్గము గూడ గలదనుకొనుడు. గుమాస్తా ప్రశ్నకు వెంటనే జవాబు కావలెను గాన నది తీగవెంట బోవును. రాత్రి పంపు పెద్ద చిట్టా యాలస్యమైనను బాధలేదు గనుక నుపగ్రహముమీద బోవచ్చును.

పెద్దలు, చిన్నలు నున్నప్పుడు సమానత్వ మేమని మీరడుగవచ్చును. ఆ యాక్షేపణ మాకును కొంత న్యాయముగనే తోచుచున్నది. అయినను ఇచట పెద్దఱికము దారి చూపుటకే. ఇరువురిలో నెవరైనను మాట మొదలిడవచ్చును. ఒక పెద్ద పడిపోయినచో మఱియొకరిని ఆశ్రయింపవచ్చును. ఏ.యస్. 400లో అట్టివారి పేర్లు అయిదు వఱకు ముందే వ్రాసియుంచవచ్చును.

లోపమును లేకపోలేదు. నడుమనున్న యంత్రము నిలిచినచో జరుగుచున్న సంభాషణ తెగిపోవును. గుమాస్తా మరల మొదలిడవలెను. 1990 దశకమున వచ్చిన హెచ్.పి.ఆర్. అను సవరణచే, సంభాషణ తెగకుండగనే దారి మాఱుట సాధ్యమయ్యెను. అంతలో టి.సి.పి.-ఐ.పి. లోకమంతట వ్యాపించి, యీ పద్ధతిని వెనుకకు నెట్టినది. ఏ.యస్. 400 సంతతి నేడు ఐ.బి.యం. ఐ అను పేర బరగుచున్నది. పాత లెక్కలను విడువజాలని సంస్థలకై ఏ.పి.పి.యన్. సంభాషణలను ఐ.పి. మార్గముమీదనే మోసికొనిపోవు నేర్పాటును గలదు.