బరువు తగ్గాలంటే కడుపు మాడ్చాలా? చెమటోడ్చాలా?

ప్రియమైన చెల్లెళ్ళకు,

నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ఘనపూర్ వచ్చి మిమ్మల్ని చూసినప్పుడల్లా ఒకే ప్రశ్న ఎదురవుతోంది. "అక్కా, సన్నబడాలంటే తిండి తగ్గించాలా, రన్నింగ్ చేయాలా?" మీలో కొందరు రాత్రి భోజనం మానేస్తున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు 800 మీటర్ల పరుగు కోసం తెల్లవారకముందే లేస్తున్నారు. మిగిలినవాళ్ళు ఈ రెండింటిలో ఏది మంచిదో తెలియక ఊరుకుంటున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. బరువు తగ్గడంలో తిండిదే పెద్ద పాత్ర. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా చూడటంలో, రోగాలు రాకుండా కాపాడటంలో వ్యాయామానిది పెద్ద పాత్ర. పస్తులుండటం మాత్రం ఈ రెండింటిలో దేని కిందికీ రాదు. ఇలా ఎందుకు అంటున్నానో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు మనం తగ్గాలా?

అద్దం చూసో, స్నేహితురాలి మాట వినో ఈ సంగతి తేల్చకూడదు. దానికి ఒక లెక్క ఉంది. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వచ్చినదాన్ని బి.ఎం.ఐ. అంటారు. పెద్దవాళ్ళలో అది 18.5 కంటే తక్కువైతే బక్కతనం. మన దేశపు వైద్యులు 23 దాటితే అధిక బరువు అనీ, 25 దాటితే ఊబకాయం అనీ లెక్కిస్తారు. ఈ లెక్క ప్రకారం 155 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయి సుమారు 45 నుంచి 55 కిలోల మధ్య ఉంటే సరిపోతుంది. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి ఈ అంకెలు వర్తించవు. వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి, వాటిని డాక్టరు చూసి చెప్పాలి.

పాశ్చాత్య దేశాల్లో 25 నుంచి అధిక బరువు అంటుంటే మనకు 23 ఎందుకు? పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసి ఈ విషయం చూపించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కానీ శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉన్నా మనవాళ్ళకు కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర ఎక్కువ. అందుకే నడుము కొలత కూడా చూసుకోవాలి. ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 30.1 శాతం మంది ఉండాల్సిన దానికంటే లావుగా ఉన్నారు. 18.8 శాతం మంది బక్కగా ఉన్నారు. 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకే రాష్ట్రంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు రకాల కష్టాలూ ఉన్నాయన్నమాట. కాబట్టి తగ్గాల్సిన అవసరం లేనివాళ్ళు తగ్గాలని చూడటం ఉన్న రక్తాన్ని పోగొట్టుకోవడమే.

జమా ఖర్చుల లెక్క

మన శరీరం బ్యాంకు పాసుపుస్తకం లాంటిది. తిన్నది జమ, ఖర్చుపెట్టింది ఖర్చు. మిగిలింది కొవ్వుగా నిల్వ అవుతుంది. గ్రాము పిండిపదార్థం, గ్రాము మాంసకృత్తులు చెరి 4 కేలరీలు ఇస్తే, గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు ఖర్చు కావాలి.

ఇప్పుడు పోల్చి చూడండి. 50 కిలోల అమ్మాయి గంటసేపు వేగంగా నడిస్తే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి. వంద గ్రాముల గ్లూకోజ్ బిస్కెట్లలో సుమారు 450 కేలరీలు ఉంటాయి. కబుర్లు చెప్పుకుంటూ పది నిమిషాల్లో తినేసిన ఆ పుడకను కరిగించాలంటే రెండు గంటలకు పైగా నడవాలి. చిన్న చెంచాడు నూనె 45 కేలరీలు. తినడం ఎంత సులువో, కరిగించడం అంత కష్టం. అందుకే బరువు విషయంలో తిండి వైపే తక్కెడ మొగ్గుతుంది.

పరిశోధన ఏం చెప్పింది?

అమెరికాలోని సియాటిల్ నగరంలో మెనోపాజ్ దాటిన, బరువు ఎక్కువగా ఉన్న 439 మంది మహిళలను నాలుగు గుంపులుగా చేసి ఏడాదిపాటు గమనించారు. ఫలితాలు 2012లో వచ్చాయి. తిండి తగ్గించిన గుంపు సగటున తమ బరువులో 8.5 శాతం తగ్గింది. తిండి మార్చకుండా వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాలు వ్యాయామం చేసిన గుంపు 2.4 శాతమే తగ్గింది. రెండూ చేసినవాళ్ళు 10.8 శాతం తగ్గారు. ఏమీ చేయని గుంపులో తగ్గుదల 0.8 శాతం. 80 కిలోల మనిషి లెక్కన చూస్తే తిండితో దాదాపు 7 కిలోలు, వ్యాయామంతో 2 కిలోలు, రెండూ కలిస్తే 8 కిలోల పైచిలుకు.

అంత చెమటోడ్చినా రెండు కిలోలేనా అనిపిస్తుంది. దానికి కారణాలు ఉన్నాయి. వ్యాయామం చేస్తే కొందరికి ఆకలి పెరుగుతుంది. "ఈరోజు పరిగెత్తాను కదా" అని రెండు ముద్దలు ఎక్కువ తింటాం. మిగిలిన పూటంతా కూర్చునో, పడుకునో గడుపుతాం. శరీరం కూడా ఒకచోట ఎక్కువ ఖర్చైతే మరోచోట పొదుపు చేస్తుంది. ఆఫ్రికాలో టాంజానియాలోని హడ్జా అనే తెగవారు వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ రోజంతా తిరుగుతారు. హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో కొలిచి చూస్తే, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక వాళ్ళు రోజుకు ఖర్చు చేసే మొత్తం శక్తి అమెరికా, ఐరోపా వారి ఖర్చుకు దాదాపు సమానంగానే ఉంది.

మరి మన అమ్మానాన్నల సంగతి?

"మా అమ్మ పొద్దంతా నాట్లు వేస్తుంది, కలుపు తీస్తుంది, పళ్ళెం నిండా అన్నం తింటుంది, అయినా లావు కాలేదు" అని మీరు అనవచ్చు. నిజమే. ఆ తిండికి ఆ పని ఉంది. పని పోయి తిండి అలాగే ఉంటేనే చిక్కు వస్తుంది. మా నాన్న పొలం పని మానేసి ఆటో నడపడం మొదలుపెట్టాక కూడా మూడు పూటలా అంతే అన్నం తిన్నాడు. నాలుగైదేళ్ళకు పొట్ట వచ్చింది, ఆ తర్వాత షుగరు వచ్చింది. ఆయనేమీ తిండిపోతు కాదు. పని మారింది, పళ్ళెం మారలేదు, అంతే. మన ఊళ్ళలో నలభై ఏళ్ళు దాటినవారిలో ఇలాంటివాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. రేపు మనం కూడా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం తెచ్చుకుంటే మనకూ ఇదే జరుగుతుంది.

అయితే వ్యాయామం దండగా?

కానే కాదు. వ్యాయామం ఫలితాన్ని తూకం మిషను పూర్తిగా చూపించలేదు. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో మొదలైన అధ్యయనంలో, షుగరు వచ్చే దారిలో ఉన్న 577 మందిని ఆరేళ్ళు గమనించారు. షుగరు వచ్చే ముప్పు తిండి మార్చినవారిలో 31 శాతం, వ్యాయామం చేసినవారిలో 46 శాతం, రెండూ చేసినవారిలో 42 శాతం తగ్గింది.

మన పొరుగున చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిపై చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండిలో మార్పు, రోజూ నడక పాటించినవారిలో మూడేళ్ళలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. గమనించాల్సింది ఏమిటంటే, వాళ్ళ బరువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తూకం కదలకపోయినా ఒంటికి మేలు జరిగింది. కదిలే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకోవడమే దీనికి ముఖ్య కారణం. పైగా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. వ్యాయామం ఆ కండను కాపాడుతుంది.

పస్తులు వద్దు

"లంఖణం పరమౌషధం" అన్నారు కదా అని కొందరు వాదిస్తారు. అది జ్వరం వచ్చిన రోజుకు చెప్పిన మాట, నెలల తరబడి పాటించమని కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ళు తమ బరువులో దాదాపు పావు వంతు కోల్పోయారు. దాంతోపాటు నీరసం, చిరాకు, దిగులు పట్టుకున్నాయి. ఎప్పుడూ తిండి ధ్యాసే. చదువు మీద, పని మీద మనసు నిలవలేదు.

రాత్రి భోజనం మానేసి స్టడీ అవర్‌లో కూర్చునే చెల్లెలి పరిస్థితి ఇంచుమించు ఇదే. మరునాడు పదకొండు గంటలకు ఆకలికి తట్టుకోలేక మిర్చీ బజ్జీలో, బిస్కెట్లో తింటుంది. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంబరపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ తనతోపాటు నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చైతే నీరు పోతుంది, తిరిగి తినగానే వచ్చేస్తుంది.

ఏ డైట్ మంచిది?

మన తెలుగువాళ్ళకు డైట్లకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంటలు, మొలకలు, పండ్లు అన్నారు. 2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, చక్కెర మానేసి కొవ్వు తీసుకోమన్నారు. ఒకరిది ఉత్తరం, ఒకరిది దక్షిణం. అయినా రెండింటితోనూ తగ్గామని చెప్పేవారు ఉన్నారు. ఎలా? దారి ఏదైనా మొత్తం మీద తినేది తగ్గుతుంది కాబట్టి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై చేసిన అధ్యయనంలో, ఏడాదికి కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఏళ్ళ తరబడి పాటించగలిగే పద్ధతే మంచి పద్ధతి. ఇంట్లో షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడే పెద్దలుంటే మాత్రం డాక్టరును అడగకుండా ఏ డైటూ మొదలుపెట్టనివ్వకండి. చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

మన మెస్‌లో ఏం చేయవచ్చు?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2000 కేలరీలు అవసరమైనవారికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు సరిపోతాయి. మన పళ్ళెంలో అన్నం కొండలా, కూర చుక్కలా ఉంటుంది. దాన్ని కొంచెం తిరగేయాలి. డబ్బు ఖర్చు లేకుండా ఇవి చేయవచ్చు:

1. నిజంగా తగ్గాల్సినవారు పూటకు ఒక గరిటె అన్నం తగ్గించి, పప్పు, కూర ఎక్కువ వేయించుకోండి. పూట మాత్రం మానకండి.
2. గుడ్డు, ఆకుకూర పక్కన పెట్టకండి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలు పారేయకండి.
3. చిరుతిండి, కూల్‌డ్రింకులు తగ్గిస్తే సగం పని అయినట్టే.
4. సాయంత్రం ఆటల సమయంలో గదిలో కూర్చోకండి. కబడ్డీ, ఖోఖో, తాడాట, ఏదైనా సరే. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రోజుకు గంట, పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
5. నెలకు ఒక కిలో తగ్గితే చాలు. తొందర వద్దు.

మా నాన్న ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు మందులు వాడుతూ, రాత్రి అన్నం సగానికి తగ్గించి, పొద్దున్నే చెరువు కట్ట మీద నడుస్తున్నాడు. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాడు. ఆయనకు కేలరీల లెక్క తెలియదు. "పనికి తగ్గ తిండి, తిండికి తగ్గ పని" అంటాడు. ఇంత చదివి నేను తెలుసుకున్నది కూడా దాదాపు అదే.

మీరు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల నడుము కొలవండి, షుగరు, బి.పి. పరీక్ష చేయించండి. మన ఇళ్ళల్లో ఈ మాట చెప్పడానికి ముందు తరంలో చదువుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు మనం ఉన్నాం. లావుగా ఉన్నవారిని ఎగతాళి చేయకండి, బక్కగా ఉన్నవారినీ చేయకండి. అందరూ కడుపునిండా తిని, చక్కగా ఆడుకుని, బాగా చదువుకోవాలని కోరుకుంటూ,

మీ అక్క,
పూర్వ విద్యార్థిని