కాశీ నుంచి తెచ్చిన పొట్లం

నిరుడు మహాశివరాత్రికి మా ఆవిడా నేనూ కాశీ వెళ్ళాం. మూడు తరాల క్రితం బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కాశీ నుంచి తిన్నగా షోలాపూర్‌లో అమ్మాయి ఇంటికి వెళ్ళి, హోలీ దాకా అక్కడ ఉండి రావాలని అనుకున్నాం.

విశ్వనాథుని దర్శనం చేసుకుని వస్తుంటే దారిలో ఒక చిన్న కొట్టు మీద బోర్డు కనిపించింది. సర్కారువారి అనుమతి ఉన్న భంగు దుకాణమని హిందీలో రాసి ఉంది. లోపల పచ్చని ముద్దలు గోళీలుగా చుట్టి పెట్టారు. యాత్రికులు వరసలో నిలబడి కొంటున్నారు. మా వియ్యంకుడుగారు ఎప్పుడో సరదాకి, "కాశీ వెళితే భంగు తెండి బావగారూ, హోలీకి ఠండాయి చేసుకుందాం" అన్నమాట గుర్తొచ్చింది. నాలుగు గోళీలు పొట్లం కట్టించి సంచీలో వేసుకున్నాను. ప్రభుత్వం అనుమతించిన కొట్టే కదా, నాకు అనుమానమెందుకు వస్తుంది?

షోలాపూర్‌లో సంచీ విప్పగానే మా అల్లుడు ఆ పొట్లం చూశాడు. అతను అక్కడి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాడు.

"మామయ్యగారూ, ఇది ఎక్కడిది?"

"కాశీలో కొన్నాను బాబూ. గవర్నమెంటు లైసెన్సున్న కొట్టే."

"ఆ లైసెన్సు ఇచ్చింది ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం. ఇది మహారాష్ట్ర."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. గోళీలు తీసుకెళ్ళి దొడ్లో నీళ్ళలో కలిపి పారబోశాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టి విషయమంతా వివరంగా చెప్పాడు. తరువాత నేనూ చదివి తెలుసుకున్నాను. మనలో అన్నదమ్ములు ఒక రాష్ట్రంలో, ఆడపిల్లలు ఇంకో రాష్ట్రంలో ఉండని ఇల్లు అరుదు. సంచులు పట్టుకుని సరిహద్దులు దాటుతూనే ఉంటాం. అందుకే ఇది అందరికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొక్క ఒకటే, లెక్కలు వేరు

గంజాయి విషయంలో దేశమంతటికీ వర్తించేది 1985 నాటి కేంద్ర మాదకద్రవ్యాల చట్టం. ఎన్.డి.పి.ఎస్. చట్టమని పత్రికల్లో చూస్తుంటాం. బరంపురానికైనా బెంగళూరుకైనా, చెన్నైకైనా యానానికైనా ఈ చట్టం ఒకటే. దీని ప్రకారం మొక్క పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. మొక్క నుంచి తీసిన జిగురు చరస్. ఈ రెండూ నిషిద్ధం. ఆ కొసలు కలవకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ మాత్రం గంజాయి నిర్వచనంలోకి రావు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఇదే తేడా పాటించారు. భంగు ఆకుతో చేసేది గనుక ఈ సందులోంచి బయటపడింది.

బయటపడిందంటే స్వేచ్ఛగా వదిలేశారని కాదు. ఆ ఆకు సంగతి రాష్ట్రాల చేతిలో ఉంది. ఉత్తరప్రదేశ్ లైసెన్సులిచ్చి దుకాణాలు నడిపిస్తుంది. అస్సాం 1958లోనే ప్రత్యేక చట్టం చేసి గంజాయితోపాటు భంగునూ నిషేధించింది. మహారాష్ట్రలో 1949 నాటి బొంబాయి ప్రొహిబిషన్ చట్టం ఉంది. దాని కింద భంగు మత్తు పదార్థమే, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. నేను చేసింది సరిగ్గా అదే!

కర్ణాటకలోని మనవాళ్ళు ఒక కేసు తెలుసుకోవాలి. 2022లో బెంగళూరులో ఒకతని దగ్గర 29 కిలోల భంగు, 400 గ్రాముల గంజాయి పట్టుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో హైకోర్టు అతనికి బెయిలిచ్చింది. ఆ భంగు గంజాయితోనో చరస్‌తోనో చేసిందనడానికి ఆధారం లేదని చెప్పింది. "చూశారా, భంగు తప్పు కాదన్నారు" అని కొందరు చెప్పుకున్నారు. కానీ బెయిలు వేరు, నిర్దోషి అని తీర్పు రావడం వేరు. మధ్యలో అతను జైలు చూడనే చూశాడు. ముద్దలో ఉన్నది ఆకు ఒక్కటేనా, కొసలు కూడా కలిశాయా అన్నది కంటికి కనబడదు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగవలసిందే. మన ఊళ్ళో లైసెన్సున్న దుకాణం కంటపడకపోతే, అది కూడదనుకోవడమే క్షేమం.

బరువును బట్టి శిక్ష

గంజాయికి శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో కంటే తక్కువైతే చిన్న పరిమాణం. దానికి ఏడాది వరకు కఠిన శిక్ష, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు మించితే వ్యాపార పరిమాణం. దానికి కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠంగా 20 ఏళ్ళు శిక్ష, లక్షకు తక్కువ కాని జరిమానా. మధ్యలో ఉన్నదానికి 10 ఏళ్ళ వరకు. అనుమతి లేకుండా మొక్క పెంచినా 10 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు. పూలకుండీలో పెంచినా అది పెంచడమే.

వ్యాపార పరిమాణమైతే బెయిలు కూడా సులభం కాదు. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని జడ్జికి తోచాలి. పైగా సరుకు మన దగ్గర దొరికితే అది మనకు తెలిసే ఉందని చట్టం ముందుగా అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం మనదే.

అల్లుడు ఈ మాట చెబుతుంటే నాకు మా వీధి కుర్రాడు గుర్తొచ్చాడు.

వాళ్ళ నాన్న దర్జీ. కుర్రాడు పని వెతుక్కుంటూ ముంబై బయలుదేరాడు. తెలిసినవాడొకడు రైలు దగ్గరకొచ్చి రెండు బ్యాగులు ఇచ్చి, స్టేషన్లో మా మనిషి వచ్చి తీసుకుంటాడన్నాడట. చేతిలో ఖర్చులకని రెండు వేలు పెట్టాడట. దారిలో తనిఖీ జరిగింది. బ్యాగుల్లో 22 కిలోలున్నాయి. ఇచ్చినవాడు అయిపు లేడు. కుర్రాడు జైల్లో ఉన్నాడు. మూడో ఏడు నడుస్తోంది.

అప్పట్లో వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చి, "మేష్టారూ, వాడికి తెలియదండీ. మీ దగ్గర చదువుకున్నవాడు, మీకు తెలుసు కదా" అన్నాడు. నేను ఓదార్పుగా ఏదో చెప్పి పంపించేశాను. ఆయన వెళ్ళాక మా ఆవిడతో, "తెలియకుండా ఎలా ఉంటుంది?" అన్నాను. వీధిలో నలుగురూ అదే అన్నారు.

షోలాపూర్‌లో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏం మోస్తున్నానో తెలిసి కూడా, తప్పని తెలియక, నేను రెండు రాష్ట్రాలు దాటి వచ్చాను. నన్నెవరూ తనిఖీ చేయలేదు. తెల్లజుట్టు చూసి చేయకపోయి ఉండవచ్చు.

తప్పులేనివి ఏమిటి?

జనపగింజల పేరుతో ఈమధ్య కొట్లలో అమ్ముతున్న గంజాయి జాతి గింజలు, గింజల నూనె, పిండి చట్టబద్ధమే. ఆహార భద్రతా సంస్థ 2021 నవంబరులో వీటికి అనుమతి ఇచ్చింది. వీటితో మత్తు రాదు. కొనేటప్పుడు ఆ సంస్థ లైసెన్సు నంబరు చూసుకోండి. మత్తు గుణం బాగా తక్కువున్న రకాన్ని నార కోసం పండించడానికి 2018లో ఉత్తరాఖండ్ అనుమతి ఇచ్చింది. ఆ నారతో నేసిన బట్టలు కట్టుకోవచ్చు.

ఆయుర్వేదంలో ఈ ఆకును విజయ అంటారు. దాన్ని విషద్రవ్యాల జాబితాలో చేర్చారు. వైద్యుని పర్యవేక్షణలో వాడాలని సీసా మీద ముద్రించి ఉంటుంది. చీటీ లేకుండా కొనకండి, ఒకరికి రాసింది మరొకరికి ఇవ్వకండి.

పండగ ఠండాయికి భంగు అక్కర్లేదు. బాదం, సోపు, మిరియాలు, గసగసాలు, ఎండిన గులాబీ రేకులు నూరి చల్లని పాలలో కలిపితే చాలు. ఆ ఏడాది షోలాపూర్‌లో మేము చేసుకున్నది అదే. పిల్లలు కూడా తాగారు. అన్నట్టు, ఆ గసగసాలు కూడా దుబాయి వెళ్ళేవారి పెట్టెలో ఉండకూడదు, అక్కడ నిషిద్ధం. అమెరికాలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కొన్ని రాష్ట్రాలు గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించలేదు. అక్కడి కొట్లో రసీదుతో కొన్నా పౌరసత్వం దగ్గర అడ్డు రావచ్చని అక్కడి ప్రభుత్వం 2019లో స్పష్టం చేసింది. పిల్లలకు ఫోనులో ఒక మాట చెప్పండి.

ఇంట్లో ఎవరైనా అలవాటు పడి ఉంటే దాచిపెట్టకండి. వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే, చిన్న పరిమాణం నేరాల్లో విచారణ నుంచి రక్షణ పొందే వీలు ఈ చట్టంలోనే 64-ఏ సెక్షను కింద ఉంది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

చివరగా ఒక మనవి. ప్రయాణంలో ఎవరి సంచీ తీసుకోకండి. తీసుకోక తప్పకపోతే, ఇచ్చినవారి ఎదుటే విప్పి చూడండి. వారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

బరంపురం చేరిన మర్నాడు దర్జీ ఇంటికి వెళ్ళాను. విచారణ మరీ ఆలస్యమైతే దాన్ని కూడా బెయిలుకు కారణంగా చూడవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పిందని మా అల్లుడు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. అది ఆయన చేతికిచ్చి, వకీలుకు చూపించమన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీరు నమ్మారా మేష్టారూ?" అన్నాడు.

నమ్మానని చెప్పాను. మూడేళ్ళు ఆలస్యమైందని కూడా చెప్పాను.