గడ్డకట్టడం వేరు, స్కందనం వేరు

జనవరి వచ్చిందంటే ఢిల్లీలో చదువుకునే తెలుగు విద్యార్థుల గదుల్లో కొబ్బరినూనె సీసాలు మొండికేస్తాయి. తలకిందులు చేసి తట్టినా చుక్క రాలదు. నూనె గడ్డకట్టింది అంటారు. ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్ళు గడ్డకట్టాయి అంటారు. కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంటే, కాసేపటికి ఆగిన నెత్తురును కూడా గడ్డకట్టిందనే అంటారు. మాట ఒకటే. మరి జరిగిన పని కూడా ఒకటేనా?

ఢిల్లీ వీధుల్లో వినిపించే హిందీలోనైతే మంచుకీ, నేతికీ, నెత్తురుకీ, పెరుగుకీ అన్నిటికీ 'జమ్‌నా' అనే క్రియ ఒక్కటే. (యమునా నదిని కూడా అక్కడి సామాన్యులు జమ్‌నా అంటారు గానీ, అది వేరే మాట.) ఈ విషయంలో మన వంటింటి తెలుగు కొంత నయం. నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, నిమ్మరసం పడితే విరుగుతాయి. గడ్డపెరుగు అన్న మాట ఉన్నా, "పాలు గడ్డకట్టాయి" అంటే మాత్రం వినేవారు "ఫ్రీజర్‌లో పెట్టావా?" అని అడుగుతారు. నెత్తురు దగ్గరికి వచ్చేసరికే మనకు వేరే మాట లేకుండా పోయింది.

ముందుగా కొబ్బరినూనె సంగతి. సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే దాని అణువులు కదలిక తగ్గించుకొని వరుసగా సర్దుకుంటాయి. ద్రవం ఘనమవుతుంది. ఎండలో పెట్టండి, మళ్ళీ అదే నూనె. నీరు మంచు కావడమూ ఇంతే. దీన్ని ఘనీభవనం అంటాం. ఇందులో కొత్త పదార్థమేదీ పుట్టదు.

అదే చలికాలంలో పాలు తోడు పెట్టి చూడండి. నూనెను గడ్డకట్టించిన చలే పెరుగును తోడుకోనివ్వదు! పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ కణాలకు రుణావేశం ఉంటుంది. అందుచేత అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీటిలో విడివిడిగా తేలుతుంటాయి. తోడులోని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే కొద్దీ ఆ ఆవేశం తగ్గిపోతుంది. పి.హెచ్. విలువ 4.6 దగ్గరకు వచ్చేసరికి నెట్టుకోవడం మాని అతుక్కుంటాయి. చలికి బాక్టీరియా మందగిస్తే ఆమ్లమూ ఆలస్యమే. ఇక్కడ గట్టిపడింది నీరు కాదని గమనించండి. నీరు నీరుగానే ఉంది, అందులో తేలే కణాలు గుంపుకట్టాయి. ఇదే స్కందనం. పెరుగును వెచ్చబెట్టినంత మాత్రాన పాలు తిరిగి రావు. కోడిగుడ్డు తెల్లసొన వేడికే స్కందనం చెందుతుంది. కాబట్టి "చల్లబడితే గట్టిపడుతుంది" అనే సూత్రం ఇక్కడ పనికిరాదు.

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో మీరు చదివే హార్డీ-షుల్జ్ నియమం ఢిల్లీలో రోజూ పని చేస్తూనే ఉంటుంది. వజీరాబాద్ నీటి శుద్ధి కేంద్రానికి వచ్చే యమున నీటిలోని సన్నని బంకమట్టి రేణువులకు కూడా రుణావేశమే. వాటిని వాటి మానాన వదిలేస్తే ఎంతకీ అడుగుకు చేరవు. పటిక వంటి అల్యూమినియం లవణం కలిపితే, మూడు ధనావేశాలున్న అల్యూమినియం అయాన్లు ఆ రుణావేశాన్ని తటస్థం చేస్తాయి. రేణువులు పింజలుగా పేరుకొని దిగిపోతాయి. సోడియానికి ఉన్న ఒక్క ఆవేశం ఇంత పని చేయలేదు. ఇటీవలి సంవత్సరాల్లో చలికాలం నదిలో అమ్మోనియా పెరిగి వజీరాబాద్‌లో శుద్ధి తగ్గించవలసి వచ్చిన సందర్భాలు అనేకం. ఎందుకంటే అమ్మోనియా తేలే రేణువు కాదు, నీటిలో కరిగిపోయినది. పటిక ఎంత కలిపినా దాన్ని స్కందింపజేయలేం.

కేంద్ర ప్రభుత్వం 1961లో ఢిల్లీలో నెలకొల్పిన శాస్త్రీయ సాంకేతిక పదావళి కమిషన్ హిందీకి ఎంచుకున్న మాట స్కందన్. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ స్కందనమే. ఇది కొత్తగా పుట్టించిన మాట కాదు. నెత్తురును ఆపే నాలుగు పద్ధతులలో ఒకటిగా సుశ్రుతుడు స్కందనాన్ని చెప్పాడు. చల్లదనంతో నెత్తురు చిక్కబడుతుందని ఆయన భావన. చల్లని వస్తువు పెడితే రక్తస్రావం తగ్గే మాట నిజమే, కాని అందుకు కారణం రక్తనాళాలు ముడుచుకోవడం. స్కందనం ఎంజైములతో నడిచే పని గనుక, చలికి అది మందగిస్తుంది, పెరుగు తోడుకోవడం లాగే.

నెత్తురులో జరిగేది ఇది. ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను థ్రాంబిన్ అనే ఎంజైము కత్తిరిస్తుంది. అప్పుడది ఫైబ్రిన్ దారాలుగా మారి వల అల్లుతుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కుకుంటాయి. ఇందుకు కాల్షియం తప్పనిసరి. రక్తదానం సంచుల్లో సిట్రేట్ పోసి ఉంచేది ఆ కాల్షియాన్ని బంధించడానికే.

ఇప్పుడు మాట తెచ్చే చిక్కు చూడండి. రక్తనిధుల్లో ప్లాస్మాను వేరుచేసి, కొద్ది గంటల్లోనే మైనస్ 30 డిగ్రీలకు చల్లబరచి దాస్తారు. స్కందన కారకాలు తగ్గి నెత్తురు ఆగని రోగులకు దాన్ని కరిగించి ఎక్కిస్తారు. తెలుగులో దీన్ని "గడ్డకట్టిన ప్లాస్మా" అని రాశామనుకోండి. చదివిన రోగి బంధువు ఏమనుకుంటాడు? గడ్డలున్న నెత్తురు ఎక్కిస్తున్నారని హడలిపోడా? నిజానికి అది ఘనీభవించినదే గాని స్కందనం చెందలేదు. స్కందనమే జరిగి ఉంటే ఫైబ్రినోజెన్ ఖర్చయిపోయి, మిగిలేది సీరం. దానితో ఆ రోగికి ఉపయోగం లేదు. అందుచేత "ఘనీభవింపజేసిన ప్లాస్మా" అని రాయడమే క్షేమం, నోరు తిరగకపోయినా సరే.

అలాగని ప్రతి సంచీనీ గడ్డకట్టించరు. ఢిల్లీలో డెంగీ విజృంభించినప్పుడల్లా (1996లో అది పెద్ద ఎత్తున వచ్చింది) ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెడుతుంటారు. ఇవి గాయం దగ్గర మొదట చేరి అడ్డుకట్ట వేసే కణాలు. వీటిని ఫ్రీజర్‌లో కాదు గదా, మామూలు ఫ్రిజ్‌లో కూడా పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగే బల్లల మీద, ఎక్కువలో ఎక్కువ అయిదు రోజులు ఉంచుతారు. ఊపడం ఎందుకంటే, కదలకుండా ఉంటే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.