శ్రమించు స్త్రీ యెంత భుజింపవలయును?

దేహభారమును తగ్గించుకొనవలెనను తలంపు నేడు పట్టణములందే గాక పల్లెలయందును స్త్రీలకు కలుగుచున్నది. మోకాళ్ళనొప్పియో, మధుమేహభయమో, వైద్యుని హెచ్చరికయో యిందులకు కారణము. తలంపు మంచిదే. కాని యది కలిగిన మరునాడే మనవారు చేయు మొదటిపని యేది? రాత్రి భోజనము మానుట. పిదప ఉదయపు ఫలాహారమును మానుట. ఇంటిచాకిరి మాత్రము మానరు. పైగా తెల్లవారుజామున నడకయో, వ్యాయామశాలలో కసరత్తో దానికి తోడు చేర్చుకొందురు. శ్రమను హెచ్చించి, ఆహారమును సగమునకు దించినచో ఆ దేహమేమగునో ఆలోచించువారు అరుదు. కావున శ్రమించు స్త్రీ బరువు తగ్గదలచినప్పుడు ఎంత భుజింపవలయునను విషయమును మేమిచ్చట విచారింపదలచితిమి.

మొదట మన యిండ్ల స్థితి చూతము. ఇంటిల్లిపాదికి వడ్డించి, గిన్నెలలో మిగిలినది తాను తినుట మన గృహిణికి తరతరముల యాచారము. కూర మిగులనినాడు పచ్చడితోను, పప్పు మిగులనినాడు చారుతోను అన్నము కడుపునిండ తిని లేచును. కడుపు నిండినదిగాని దేహమునకు కావలసిన సారమందలేదు. దీని ఫలము లెక్కలలో కనబడుచున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసుగల మన దేశపు స్త్రీలలో నూటికి 24 మంది అధికభారము గలవారు. దాదాపు 19 మంది మిక్కిలి కృశించినవారు. 57 మంది రక్తహీనత గలవారు. అధికభారము గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది, తెలంగాణమున 30 మంది. సగమునకు మించిన స్త్రీలకు రక్తము చాలకున్నదనగా, స్థూలదేహులలోను అట్టివారు అనేకులున్నారని తెలియుచున్నది. లావుగా నున్నామె పుష్టిగా నున్నదనుకొనుట పొరపాటు. అట్టి యామెను పస్తుంచుట ఎండిన చెరువునకు గండి కొట్టుటయే యగును.

ఇక కొలతకు వత్తము. ఆహారము దేహమున కిచ్చు శక్తిని కేలరీలతో కొలుతురు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యొకటి కలదు. అది 1918లో కూనూరునందు ఒక్క గదిలో నారంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. భారత వైద్య పరిశోధన మండలితో కూడి ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు కావలసిన శక్తి యిది: కూర్చుండి పనిచేయునామెకు 1660 కేలరీలు, మధ్యరకపు శ్రమ చేయునామెకు 2130, కఠినశ్రమ చేయునామెకు 2720.

మన మే తరగతివారమో నిజాయితీగా తెలిసికొనవలయును. దినమంతయు బల్లముందు కూర్చుండి పనిచేసి, యింట పనిమనిషి గలామె మొదటి తరగతిది. ఊడ్పు, తుడుపు, బట్టలుదుకుట, నీళ్ళు మోయుట మున్నగు పనులు స్వహస్తములతో చేయుచు, దినములో హెచ్చుభాగము నిలువుకాళ్ళ మీదనే యుండునామె రెండవ తరగతిది. నాట్లు వేయుట, కలుపు తీయుట, మట్టితట్ట మోయుట వృత్తిగా గలామె మూడవ తరగతిది. ఉదయమున నొక గంట నడచి తక్కిన దినమంతయు కూర్చుండునామె మొదటి రెండు తరగతులకు నడుమ నుండును. ఆ గంట నడకకు వ్యయమగునది సుమారు 200 కేలరీలే. నడచి వచ్చితిమిగదా యని నాలుగు గారెలు తినినచో ఆ నడక గారెలకే చెల్లును.

బరువు తగ్గుటకు ఈ మొత్తమునుండి ఎంత తీసివేయవలయును? మొదటి తరగతివారు 300, రెండవ తరగతివారు 400, మూడవ తరగతివారు హెచ్చుగా 500 కేలరీలు తగ్గించుకొనిన చాలును. అట్లు చేసిన మొదటి యామెకు సుమారు 1360, రెండవ యామెకు 1730, మూడవ యామెకు 2220 నిలుచును. ఇచ్చట మన సోదరీమణులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఏ 2200 కేలరీల భోజనము కూర్చున్నామెను లావు చేయునో, అదే భోజనము పొలమున పనిచేయునామెను సన్నగిల్లజేయును. కావున ప్రక్కింటి వనిత తినిన కొలతను చూచి తాను తినరాదు. తన శ్రమను చూచుకొని తినవలయును. వైద్యుని పర్యవేక్షణ లేక ఎవరును 1200 కేలరీలకు దిగువకు పోరాదు.

ఇంత కొంచెము తగ్గించిన ఫలమేమని కొందరడుగుదురు. ఒక కిలో కొవ్వునందు సుమారు 7,700 కేలరీలుండును. దినమునకు 400 చొప్పున నెలకు 12,000 తగ్గించినచో కిలోన్నర తగ్గవచ్చును. తేలికయైన దేహమునకు వ్యయము తక్కువ గనుక పోనుపోను ఈ వేగము మందగించును. అంతమాత్రమున నిరాశ చెందరాదు. వారమునకు అరకిలోకు మించి తగ్గవలెనని ఆతురపడుట శ్రేయస్కరము కాదు.

ఆతురపడినచో జరుగునది వినుడు. రాబడి హఠాత్తుగా పడిపోయినప్పుడు పొదుపరియైన గృహిణి ఏమి చేయును? పండుగ ఖర్చు, బట్టల ఖర్చు, మరమ్మతు ఖర్చు ఆపి, పూటగడచుట మాత్రము చూచుకొనును. దేహమును అట్లే చేయును. ప్రాణమునకు కావలసిన గుండె, మెదడు పనులు నడుపుచు, తక్కినవానిని కుదించును. వెండ్రుకలు రాలును; చలి వేయును; నెలసరి తప్పును; ఎముకలు బలహీనపడును. కొవ్వుతోపాటు కండయు కరగును. కండ తరిగిన దేహమునకు వ్యయమింకను తగ్గును గనుక, మరల మామూలుగా తినుట మొదలిడిన వెంటనే పోయిన బరువు వడ్డీతో తిరిగివచ్చును. క్రీడాకారిణులలో ఈ స్థితి విశేషముగా కనబడుటచే, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో దీనిని ప్రత్యేకముగా పేర్కొని హెచ్చరించినది.

1945లో అమెరికా దేశపు మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను, వారి సమ్మతితో, 24 వారములు అర్ధాహారముపై నుంచెను. వారికి దినమున కిచ్చినది సగటున సుమారు 1570 కేలరీలు. వారు వారమునకు 35 కిలోమీటర్లు నడువవలసియుండెను. బరువులో దాదాపు నాలుగవవంతు తగ్గినమాట నిజమే. కాని బలము క్షీణించెను, చలి బాధించెను, మనస్సు కృంగెను. మేల్కొన్నంతసేపును వారికి తిండిధ్యాసయే. వారు పురుషులు గనుక వారి అవసరము మనకంటె హెచ్చు. అయినను పస్తుతో శ్రమ కలిసిన ఫలమెట్లుండునో ఈ ప్రయోగము చక్కగా తెలుపుచున్నది.

మాకు తెలిసిన యొక యువతి యిట్లే చేసినది. ప్రతిదినము అయిదు కిలోమీటర్లు నడచి, ఇంటిపని చేసి, బడికిపోయి నిలుచుండి పాఠములు చెప్పి, పగలు రెండు ఇడ్లీలు, రాత్రి గ్లాసెడు మజ్జిగతో నాలుగు మాసములు గడపినది. తొమ్మిది కిలోలు తగ్గినదని అందరును మెచ్చుకొనిరి. అయిదవ మాసమున తరగతిలోనే తల తిరిగి పడిపోయినది. అప్పటికి మూడు నెలలుగా నెలసరి లేదు. మెచ్చుకొన్నవారిలో ఆ మాట అడిగినవారొక్కరును లేకపోయిరి.

మన ప్రాచీనులు ఈ విషయమును విచారింపకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున ఆహారము యొక్క మాత్రను గూర్చి ఒక యధ్యాయమే కలదు; ఆ మాత్ర యెవరి జఠరాగ్నిని బట్టి వారికని అందు చెప్పబడినది. అందే మరియొక యధ్యాయమున అతిస్థూలుని, అతికృశుని ప్రస్తావించుచు, స్థూలునకు ఈయదగిన యాహారము కడుపునకు బరువై, దేహమునకు కొవ్వు చేర్చనిదిగా నుండవలెనని చరకుడు చెప్పెను. అచ్చట కడుపు నిలుపు భోజనమునే చెప్పెను. యవలు, కొర్రలు, అరికెలు, పెసలు, ఉలవలు ఆయన పేర్కొన్న ధాన్యములలోనివి. వ్యాయామమును సైతము క్రమక్రమముగా హెచ్చింపుమనెను. పీచును మాంసకృత్తులును గల యాహారము ఆకలిని చిరకాలము నిలువరించునను నేటి శాస్త్రమునకును ఈ మాటకును పొందిక కలదు.

ఇప్పుడు వంటయింటికి పోదము. సోల, గిద్ద కొలతలు ఇంటింటికి మారును గనుక తూకమే చెప్పుచున్నాము. రెండవ తరగతి స్త్రీకి ఒక దినమునకు సరిపడు సామగ్రి, వండకముందటి తూకమున, ఇది:

బియ్యము 150 గ్రాములు – 525 కేలరీలు
జొన్నపిండి 60 గ్రాములు, అనగా రెండు రొట్టెలకు – 200
కందిపప్పు, పెసరపప్పు మున్నగునవి 75 గ్రాములు – 255
కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు – 140
పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు – 190
కోడిగ్రుడ్డు ఒకటి, లేక సెనగలు 20 గ్రాములు – 70
వేరుసెనగపప్పు 20 గ్రాములు – 115
నూనె 20 గ్రాములు – 180
జామపండు ఒకటి – 70

మొత్తము సుమారు 1750 కేలరీలు. ఇందు మాంసకృత్తులు 60 గ్రాములకు తగ్గవు. బరువు తగ్గునప్పుడు కండను కాపాడునది వీనితోకూడిన శ్రమయే గనుక, ఏది తగ్గించినను పప్పును, పెరుగును తగ్గింపరాదు. మూడవ తరగతి యామె దీనికి మరి 80 గ్రాముల బియ్యమో జొన్నలో, 50 గ్రాముల పప్పును చేర్చుకొనవలయును. మొదటి తరగతి యామె బియ్యమును 75 గ్రాములకు దించి, నూనెను అయిదు గ్రాములు, వేరుసెనగను సగము తగ్గించుకొనిన సరిపోవును. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొనినచో అందలి ఇనుము దేహమునకు బాగుగా పట్టును; భోజనమైన వెంటనే కాఫీ, తేనీరు త్రాగినచో ఆ ఇనుము అంతగా పట్టదు.

తగ్గింపవలసినవేవనగా, లెక్కకురాకుండ లోనికి పోవునవే. దినమునకు నాలుగు కప్పుల కాఫీ, కప్పునకు రెండు చెంచాల పంచదార చొప్పున త్రాగినచో పంచదార వలననే 160 కేలరీలగును. తాలింపునకు పోసిన పెద్దచెంచా నూనె 120. పారవేయుటకు మనసొప్పక తినిన పిల్లల కంచములలోని మిగుళ్ళు, ఆవకాయ అన్నముపై పోసికొన్న నేయి, సాయంకాలపు చేగోడీలు వీనిని చేర్చిన 400 దాటిపోవును. అనగా, సక్రమమైన భోజనమునుండి ఒక్క ముద్దయైనను తీసివేయకయే చాలమంది లక్ష్యమును చేరవచ్చును.

భోజనవేళలను గూర్చి ఒక మాట. పరగడుపున కఠినశ్రమకు పూనుకొనరాదు. ఒక అరటిపండో, గ్లాసెడు రాగిజావయో త్రాగి బయలుదేరవలయును. శ్రమానంతరము గంటలోపుగా పప్పో, పెరుగో, గ్రుడ్డో గల ఆహారము తీసికొనిన మంచిది. రాత్రి భోజనము మానుటకంటె పెందలకడ ముగించుట మేలు.

కొందరు ఈ ప్రయత్నమునకే పూనరాదు. గర్భిణికి దినమునకు 350 కేలరీలు, బిడ్డకు పాలిచ్చు తల్లికి మొదటి ఆరుమాసములు 600 కేలరీలు అదనముగా కావలయునని పై ప్రమాణములే చెప్పుచున్నవి. వారు తగ్గించుకొనుట బిడ్డ నోటికూడు తీయుటయే. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడిగియే మార్పు చేసికొనవలయును. తల తిరుగుట, నెలసరి తప్పుట, నిద్రపట్టకుండుట, వెండ్రుకలు విశేషముగా రాలుట కనబడినచో తగ్గింపు ఆపి, తిండి హెచ్చించి, వైద్యుని చూడవలయును. త్రాసుముల్లు నొక్కదానినే నమ్మక, నెలకొకసారి నడుము కొలుచుకొనుడు. స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు లోబడియుండుట మంచి గురుతు.

ఇవన్నియు ఆచరణకు రావలెనన్న, సోదరీమణులారా, ఒక చిన్న మార్పు చాలును. ఎసటిలో బియ్యము పోయునప్పుడు, పప్పు ఉడుకవేయునప్పుడు, ఇంటివారందరి పాళ్ళతోపాటు తన పాలుకూడ లెక్కించి వేయుడు. వంట దించిన పిమ్మట ఆ పాలు వేరొక గిన్నెలో తీసియుంచి, పిదప వడ్డనకు లెండు. అప్పుడు మిగిలినదెల్ల తినవలసిన పనియు నుండదు, మిగులక పస్తుండవలసిన పనియు నుండదు. ఎంత తినుచున్నామో తెలిసినగాని ఎంత తగ్గింపవలెనో తెలియదుగదా.