వాట్సాప్ వారి చదివింపుల పుస్తకము

వాట్సాప్‌లో ఎవరితోనైనను క్రొత్తగా సంభాషణ మొదలిడినప్పుడు, ఇందలి సందేశములను ఈ ఇరువురు తప్ప మఱెవ్వరును, తుదకు వాట్సాప్ వారును, చదువజాలరని తెలుపు చిన్న ప్రకటన యొకటి కనబడుచుండును. ఈ ప్రకటన సత్యమే. కాని దానిని చూచి సామాన్యజనులు చేసికొనుచున్న ఊహ, అనగా ఆ కంపెనీకి మనలను గూర్చి ఏమియు తెలియదను ఊహ, సత్యమునకు చాల దూరము.

2016 ఏప్రిల్ నాటికి సంభాషణలన్నిటికిని వర్తింపజేసిన ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అను ఏర్పాటు నిజముగా ప్రశంసాపాత్రము. సందేశము పంపువాని ఫోనునుండి వెలువడకమునుపే గూఢలిపిగా మారిపోవును. దానిని విప్పగల తాళపుచెవి అందుకొనువాని ఫోనులోనే యుండును. నడుమనున్న సర్వరు అర్థముకాని ఆ అక్షరరాశిని మోసి, అందజేసిన పిమ్మట తుడిచివేయును. అందుకొనువాని ఫోను పలుకనిచో 30 దినములు వేచి, అప్పుడు తుడిచివేయును. ఐతే ఎవరినైనను మనము ‘రిపోర్ట్’ చేసినచో వారినుండి మనకు వచ్చిన కడపటి 5 సందేశములు కంపెనీకి చేరును. గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో దాచుకొను బ్యాకప్ ప్రతికిని ఈ రక్షణము తనంతట రాదు. అందులకై 2021లో ప్రవేశపెట్టిన ఏర్పాటును సెట్టింగులలో మనమే పూనుకొని ఆన్ చేసికొనవలెను.

ఇక కంపెనీకి తెలియునది యేమి? పెండ్లియింట చదివింపులు వ్రాయు పుస్తకమును ఎఱుగనివారుండరు. పందిట జరిగిన సంభాషణలో ఒక్క మాటయు అందుండదు. ఎవరు, ఏ యూరివారు, ఎంత చదివించిరి అనునంతమాత్రమే. ఐనను లోకజ్ఞానముగల పెద్దమనిషి చేతికి ఆ పుస్తకము చిక్కెనా, ఆ యింటికి దగ్గఱివారెవరో, ఎడమొగము పెడమొగముగా నున్నవారెవరో, కలిగిన మేనమామ నూటపదార్లతో ఏల సరిపుచ్చెనో గడియలో చెప్పివేయగలడు. వాట్సాప్ వారి యొద్ద దినదినమును పెరుగుచుండునది ఇట్టి పుస్తకమే. మన నంబరు, పేరు, ఫొటో. మనమున్న గ్రూపుల పేర్లు. ఏ వేళ తెఱచితిమి, ఎంతసేపు ఉంటిమి, ఏయే సౌకర్యములు వాడితిమి. ఫోను ఏ మోడలు, ఏ నెట్‌వర్కు, ఏ భాష. సిగ్నలు బలమెంత, బ్యాటరీలో ఛార్జి యెంత. ఛార్జి సంగతి వీరికేల యని నవ్వుకొనవచ్చునుగాని, అదియును వారి నియమావళిలో స్పష్టముగా వ్రాయబడియే యున్నది. లొకేషన్ ఆపివేసినను ఐపీ అడ్రసునుబట్టి మనము ఏ నగరమున నున్నామో వారు స్థూలముగా కనిపెట్టగలరు.

వీనియన్నిటికంటెను విచారింపదగినది ఫోనులోని కాంటాక్టుల పట్టిక. దానిని చూచుటకు మనము ఒకమాఱు అనుమతించినచో అందలి నంబర్లన్నియు, వాట్సాప్ వాడువారివే కాక వాడనివారివియును, ఎప్పటికప్పుడు కంపెనీకి చేరుచుండును. స్మార్ట్‌ఫోనును ముట్టియే యెఱుగని తాతగారి నంబరు, ఆయనకు తెలియకయే, మనుమని వ్రేలి ఒక్క తాకుడుతో అచ్చటికి పోవును: సమ్మతి ఒకరిది, సొత్తు మఱియొకరిది. వాడనివారి నంబర్లను గుర్తింపరాని సంకేతములుగా మార్చి ఉంచుచున్నామని కంపెనీవారు సమాధానము చెప్పిరి; అట్లు మార్చినను అది వ్యక్తిగత సమాచారమే యని ఐరోపా అధికారులు తేల్చిరి. ఈ సంగతులను ప్రజలకు విశదముగా చెప్పకపోయినందుకు 2021లో ఐర్లండు సమాచార రక్షణ కమిషను విధించిన జరిమానా 22.5 కోట్ల యూరోలు.

2009లో ఈ సేవను స్థాపించిన ఇరువురిలో ఒకడైన జాన్ కూమ్, సోవియట్ పాలనలో టెలిఫోనులో మాటలాడుటకు జంకు ప్రజల నడుమ బాల్యము గడిపినవాడు. జనుల సమాచారమును కూడబెట్టుట తనకు గిట్టదని తఱచు చెప్పెడివాడు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొనుచు, రెండింటి ఖాతాలను జతపఱచు నమ్మకమైన మార్గము తమకు లేదని ఐరోపా కమిషనుకు విన్నవించినది. రెండేండ్లు తిరుగకమునుపే, 2016 ఆగస్టులో, వాడుకరుల నంబర్లను ఫేస్‌బుక్‌తో పంచుకొందుమని నియమము మాఱినది. ఆ మార్గము 2014లోనే కలదని కనుగొని కమిషను 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసినది. సహస్థాపకుడు బ్రయన్ ఆక్టన్ అదే యేడు వెడలిపోయి, మఱుసటి యేట, సిగ్నల్ అను మఱియొక సందేశసేవను నడపు సిగ్నల్ ఫౌండేషనుకు 5 కోట్ల డాలర్లు సమకూర్చెను. వాట్సాప్ సందేశములను నేటికిని కాపాడుచున్న గూఢలిపి పద్ధతి ఆ సిగ్నల్‌దే యగుట విశేషము. కూమ్ 2018లో వెడలెను.

మన దేశములో 2021 నాటి వాట్సాప్ నూతన నియమములు, ఒప్పుకొనుము, లేదా వెడలుము అన్న ధోరణిలో వచ్చినవి. బంధువులు, పాఠశాల, కిరాణా దుకాణము, అన్నియు అందే యున్న మనిషి వెడలుట యెక్కడికి? కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు, అనగా పేరు మార్చుకొనిన ఫేస్‌బుక్ కంపెనీకి, 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించి, ప్రకటనలకొఱకు సమాచారము పంచుకొనుటను 5 ఏండ్లు నిషేధించినది. మఱుసటి నవంబరులో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి నిషేధమును త్రోసిపుచ్చినది.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ పేర 161 సేవలను వాట్సాప్ ద్వారా అందింపసాగినది. కార్యాలయముల చుట్టు తిరుగు ప్రయాస తప్పుట మేలే. ఐతే మిత్రునికి వ్రాయు సందేశమునకును సంస్థకు వ్రాయు సందేశమునకును భేదము కలదు: సంస్థకు చేరినది ఆ సంస్థ నియమములకే లోబడును, దానిని భద్రపఱచు పనిని సంస్థలు ఇతర కంపెనీలకు, మెటాకైనను, అప్పగింపవచ్చునని వాట్సాప్ వారే చెప్పుచున్నారు.

తన్ను గూర్చి కంపెనీయొద్ద ఏమున్నదో చూడగోరువాడు సెట్టింగులలో అకౌంటు శీర్షిక క్రింద ‘రిక్వెస్ట్ అకౌంట్ ఇన్ఫో’ అను దానిని నొక్కవచ్చును. సుమారు 3 దినములకు నివేదిక వచ్చును. కాంటాక్టులు, గ్రూపులు, సెట్టింగులు మున్నగునవి అందుండును, సందేశములుండవు.