పల్లాడియం నగలు: లోహం చెప్పే కాలం, రాళ్లు చెప్పే వయసు

పాత నగల మార్కెట్టులో ‘పురాతన పల్లాడియం ఉంగరం’ అన్న మాట తరచు వినిపిస్తుంది. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే అటువంటి ఉంగరాలు దాదాపుగా లేవనే చెప్పాలి. ఎందుకంటే నూరేళ్లు నిండిన వస్తువునే పురాతనమని పిలవడం ఆ వ్యాపారంలో ఆనవాయితీ కాగా, పల్లాడియం ప్రధాన లోహంగా నగలు చెప్పుకోదగ్గ సంఖ్యలో తయారైనది 1939 తరువాతనే. వజ్రాలు, కెంపులు, నీలాలు పొదిగిన పల్లాడియం నగల్లో ఎక్కువ భాగం అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనూ, ఆ వెంటనే వచ్చిన కొద్ది సంవత్సరాల్లోనూ రూపుదిద్దుకున్నాయి. కనుక ఈ నగల ప్రత్యేకత వాటి వయసులో కాక, చరిత్రలోని ఒక నిర్దిష్టమైన ఘట్టానికి అవి భౌతిక సాక్ష్యాలు కావడంలో ఉంది. లోహం, పొదిగిన తీరు, రాయిని సానపట్టిన పద్ధతి, రాయి పుట్టుక అనే నాలుగు అంశాలూ దేనికవే తమ కాలాన్ని చెబుతాయి. ఆ నాలుగు సాక్ష్యాలూ ఏకీభవించినప్పుడే నగ నమ్మదగినదవుతుంది, ఏకీభవించకపోతే ఎక్కడో మార్పు జరిగిందని గ్రహించాలి.

అజ్ఞాతంగా అమ్మకానికి వచ్చిన లోహం

పల్లాడియం పరమాణు సంఖ్య 46. ప్లాటినం, ఇరిడియం, రోడియం, రుథీనియం, ఆస్మియం అనే మరి అయిదు లోహాలతో కలిసి అది ప్లాటినం వర్గానికి చెందుతుంది. ఇంగ్లండుకు చెందిన విలియం హైడ్ వొలాస్టన్ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ప్లాటినం ముడిఖనిజాన్ని ద్రవరాజంలో, అంటే నత్రికామ్ల హైడ్రోక్లోరికామ్లాల మిశ్రమంలో కరిగించి, ప్లాటినాన్ని వేరు చేయగా మిగిలిన ద్రావణం నుంచి 1802లో ఈ కొత్త మూలకాన్ని రాబట్టి, ఆ సంవత్సరమే ఖగోళజ్ఞులు కనుగొన్న పల్లాస్ అనే గ్రహశకలం పేరిట దానికి నామకరణం చేశాడు. తన పద్ధతిని అప్పుడే వెల్లడించడం ఇష్టంలేక, 1803లో పేరు చెప్పకుండా కరపత్రాలు పంచి, లండన్‌లోని సోహో ప్రాంతపు దుకాణం ఒకదానిలో దానిని ‘కొత్త వెండి’గా అమ్మకానికి పెట్టించాడు. రిచర్డ్ షెనెవిక్స్ అనే రసాయనజ్ఞుడు ఆ సరుకును కొని పరీక్షించి, ఇది మూలకం కాదనీ, ప్లాటినం పాదరసాల మిశ్రమమనీ ప్రకటించినప్పుడు, అలా కలిపి పల్లాడియాన్ని తయారుచేసి చూపినవారికి 20 పౌన్ల బహుమతి ఇస్తానని వొలాస్టన్ అజ్ఞాతంగానే ప్రకటించాడు. ఆ బహుమతిని ఎవరూ గెలవలేదు. చివరకు 1805లో అతడే తన పేరు బయటపెట్టాడు.

ఆ తరువాత నూరేళ్లకు పైగా పల్లాడియం అరుదైన వస్తువులకే పరిమితమైంది. లండన్ భూవిజ్ఞాన సంఘం వొలాస్టన్ పేరిట ఇచ్చే పతకాన్ని పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కొంతకాలం ఈ లోహంతోనే పోతపోశారు. 1859లో చార్లెస్ డార్విన్ అందుకున్నది అటువంటి పతకమే. అంటే పురాతనమన్న మాటకు న్యాయంగా తగిన పల్లాడియం వస్తువులు లేకపోలేదు గాని, అవి ఎక్కువగా పతకాలు, శాస్త్ర పరికరాల భాగాలే తప్ప ఒంటిమీద పెట్టుకునే నగలు కావు.

యుద్ధం చేసిన మార్పు

వజ్రానికి తెల్ల లోహం ఎందుకు కావాలంటే, పచ్చని బంగారం తన రంగును రాయిలోకి ప్రతిఫలింపజేసి దాని తెల్లదనాన్ని తగ్గిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా స్వర్ణకారులు ఈ చిక్కును తప్పించుకోవడానికి వజ్రాన్ని వెండిలో పొదిగి, వెండి వెనుక బంగారు రేకు అతికేవారు; అయితే వెండి గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల నల్లబడుతుంది. 1900 ప్రాంతంలో 1768 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగని ప్లాటినాన్ని లొంగదీసే టార్చిలు స్వర్ణకారుల పనిబల్ల మీదికి రావడంతో ప్లాటినం రాజ్యం మొదలైంది. దారంలాంటి సన్నని తీగలతో రాళ్లను పట్టి నిలిపే పనితనం దానితోనే సాధ్యమైంది. అది కొనలేనివారి కోసం బంగారంలో నికెలునో పల్లాడియాన్నో కలిపి తెల్లబంగారం తయారుచేశారు.

యుద్ధం వచ్చేసరికి ప్లాటినం అవసరం ఆయుధ కర్మాగారాలకు మళ్లింది. పేలుడు పదార్థాలకు మూలమైన నత్రికామ్లాన్ని అమ్మోనియా నుంచి తయారుచేసేటప్పుడు ప్లాటినం జల్లెడ ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది, అంటే తాను తరిగిపోకుండా రసాయన చర్యను వేగవంతం చేస్తుంది. విమాన ఇంజిన్ల విద్యుత్ భాగాలకు కూడా ఆ లోహం కావలసివచ్చింది. దాంతో 1942లో అమెరికా యుద్ధ ఉత్పత్తి మండలి నగల తయారీలో ప్లాటినం వాడకాన్ని కట్టడి చేసింది. ఆ కట్టడి పల్లాడియానికి వర్తించలేదు. కెనడాలోని సడ్‌బరీ గనుల్లో నికెల్, రాగి ఖనిజాలను శుద్ధి చేసేటప్పుడు అది ఉపఉత్పత్తిగా లభిస్తుండేది, ధర కూడా ప్లాటినం కంటే తక్కువే. మెత్తనైన ఆ లోహానికి గట్టిదనం కోసం నూటికి నాలుగున్నర పాళ్ల రుథీనియం కలిపి, వేలాది నిశ్చితార్థపు ఉంగరాలను, బ్రోచీలను, చెవిదిద్దులను తయారుచేశారు. యుద్ధం ముగిసి ప్లాటినం తిరిగి రాగానే పల్లాడియం క్రమంగా వెనక్కి తగ్గింది. ఈ నగల కాలం ఇంత ఇరుకుగా ఉండడం వల్లనే సేకర్త పని కొంత సులువవుతుంది.

తూకం చెప్పేది, చెప్పనిది

చూపుకు పల్లాడియం, ప్లాటినం ఒకేలా కనిపిస్తాయి. పోల్చి చూస్తే పల్లాడియం ఒక్క వన్నె నలుపు తిరిగినట్టు ఉంటుంది. అసలు తేడా సాంద్రతలో, అంటే ఒక ఘన సెంటీమీటరు లోహం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కలో ఉంది. పల్లాడియం సాంద్రత 12.0, ప్లాటినం సాంద్రత 21.4, వెండి సాంద్రత 10.5. కాబట్టి ఒకే పరిమాణం గల రెండు బ్రోచీలలో పల్లాడియంది ప్లాటినం దాని బరువులో సగానికి కొంచెం పైగా మాత్రమే తూగుతుంది. పెద్ద రాళ్లు పొదిగిన చెవి నగలకు ఈ తేలికదనం ఒక సుగుణమే.

రాళ్లు లేని పట్టీ ఉంగరాన్ని గాలిలో తూచి, ఆ తరువాత సన్నని దారంతో నీటిలో వేలాడదీసి తూచి, గాలిలోని బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగిస్తే ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం సాంద్రత వస్తుంది. గాలిలో 6.00 గ్రాములు, నీటిలో 5.50 గ్రాములు తూగిన ఉంగరానికి 6.00ను 0.50తో భాగించగా 12 వస్తుంది, అది పల్లాడియానికి సరిపోతుంది. రాయి ఉంటే మాత్రం ఈ లెక్క దారి తప్పిస్తుంది. వజ్రం సాంద్రత 3.52 మాత్రమే, 4 గ్రాముల పల్లాడియం ఉంగరంలో ఒక క్యారెట్, అంటే 0.2 గ్రాముల వజ్రం ఉంటే మొత్తం సాంద్రత 10.8 దగ్గరికి దిగి, ఉంగరం వెండిదేమో అన్న భ్రమ కలుగుతుంది. పైగా 14 క్యారెట్ల తెల్లబంగారం సాంద్రత సుమారు 13 కావడం వల్ల, రాళ్లు లేనప్పుడు కూడా తూకం ప్లాటినాన్ని తోసిపుచ్చగలదు గాని పల్లాడియాన్ని తిరుగులేకుండా నిరూపించలేదు.

అందుకే మరికొన్ని పరీక్షలు అవసరమవుతాయి. ఉంగరం లోపలివైపు కనబడని చోట టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే పల్లాడియం మీద నల్లని మరక పడుతుంది, ప్లాటినం మీద పడదు. ఆ మరక మెరుగుపెడితే పోతుంది. గీటురాయి మీద గీసిన గీతపై గాఢ నత్రికామ్లం వేస్తే పల్లాడియం గీత కరుగుతుంది, ప్లాటినం గీత చెక్కుచెదరదు. నగకు ఏ హానీ చేయనిది ఎక్స్-రే ప్రతిదీప్తి యంత్రం: అది ఎక్స్ కిరణాలను లోహం మీద ప్రసరింపజేసి, ఒక్కొక్క మూలకం తిరిగి వెలువరించే ప్రత్యేక కిరణాలను బట్టి పాళ్లను లెక్కగడుతుంది. అయితే ఆ యంత్రం పైపొరనే ప్రధానంగా చదువుతుంది. తరువాతి కాలంలో రోడియం పూత పూసిన నగ అయితే ఫలితాన్ని జాగ్రత్తగా బేరీజు వేయాలి.

ముద్రల విషయానికి వస్తే, అమెరికా నగల లోపల ఇంగ్లీషు అక్షరాల్లో ‘పల్లాడియం’ అని పూర్తిగానో, ‘పాల్’ అని సంక్షిప్తంగానో చెక్కి ఉంటుంది. నూటికి పది పాళ్ల ఇరిడియం కలిపిన ప్లాటినం నగల మీద ‘ఇరిడ్ ప్లాట్’ అని కనబడుతుంది. బ్రిటన్‌లో పల్లాడియానికి అధికారిక హాల్‌మార్కు 2009లో మొదలై, 2010 జనవరి నుంచి ఒక గ్రాముకు మించిన నగలకు తప్పనిసరి అయింది. పల్లాస్ అథీనా దేవత తల దానికి గుర్తు. 1940ల నాటిదని చెబుతున్న బ్రిటిష్ ఉంగరం మీద ఆ తల కనబడితే, ముద్ర లోహపు స్వచ్ఛతకు హామీ ఇస్తుందే గాని వయసుకు ఇవ్వదని గుర్తుంచుకోవాలి.

రాళ్ల వాంగ్మూలం

లోహం తరువాత పరిశీలించవలసినవి రాళ్లు. గుండ్రని వజ్రానికి ఏ కోణాల్లో సానపడితే కాంతి గరిష్ఠంగా పైకి తిరిగివస్తుందో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ గణితంతో లెక్కగట్టాడు. అంతకు పూర్వపు పాత ఐరోపా కోతలో పైపలక చిన్నదిగా, పైభాగం ఎత్తుగా ఉండి, అడుగు కొనను చదునుగా కత్తిరించడం వల్ల పైనుంచి చూస్తే నడుమ చిన్న వలయం కనిపిస్తుంది. 1940ల నగల్లో ఈ రెండింటికీ నడిమి రూపమైన పరివర్తన కోత విరివిగా ఉంటుంది, పక్కన పొదిగిన చిన్న రవ్వలకు 17 లేక 18 పలకల సాదా కోతే తరచుగా ఉంటుంది. చిన్న వజ్రాన్ని పెద్దదిగా చూపడానికి దాని చుట్టూ మెరుగుపెట్టిన లోహపు పలకను అమర్చే భ్రాంతి పొదుగు కూడా ఆ పొదుపు రోజులకు తగినదే. పక్క రవ్వలన్నీ 57 పలకల కచ్చితమైన ఆధునిక కోతతో ఉంటే, రాళ్లు మార్చారని అనుమానించడం తప్పు కాదు. నడిమి వజ్రం లోహం కంటే పాతదై ఉండడం మాత్రం దోషం కాదు. తల్లి ఉంగరంలోని రాయిని కూతురు కొత్త ఉంగరంలో పొదిగించుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే.

కెంపులు, నీలాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫ్రాన్సులో ఆగస్ట్ వెర్నూయ్ అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మండుతున్న జ్వాలలోంచి రాల్చి, అది కరిగి చుక్కచుక్కగా పేరుకునేలా చేసి కెంపును కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. రసాయన కూర్పులో, గట్టిదనంలో ఆ రాయి సహజమైన కెంపే. అందుచేత పాత నగలో ఉన్నంత మాత్రాన కెంపు సహజమైనదని భావించడం పొరపాటు. 1940ల నగల్లో వరుసగా అమర్చిన చిన్న చదరపు కెంపులు, నీలాలు చాలాసార్లు ఇటువంటివే. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద రాయిని అటూ ఇటూ తిప్పుతూ చూస్తే, కృత్రిమ రాయిలో గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంపు తిరిగిన సన్నని రేఖలు, అక్కడక్కడ గుండ్రని గాలి బుడగలు కనిపిస్తాయి. భూగర్భంలో పెరిగిన రాయిలో పెరుగుదల రేఖలు తిన్నగా, కోణాలు కడుతూ ఉంటాయి. ఆ నగ తయారైన కాలానికి కృత్రిమ కెంపు మామూలే కనుక అది నగ ప్రామాణికతను తగ్గించదు. ధరను మాత్రం తగ్గించాలి.

కొన్ని వజ్రాలకు ‘గోల్కొండ’ అన్న బిరుదు తగిలించి అమ్మడం కూడా ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనులు ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధి పొందిన వజ్రాలను ఇచ్చిన మాట నిజమే. వ్యాపారంలో ఆ పేరును నత్రజని దాదాపుగా లేని, అత్యంత స్వచ్ఛమైన ‘టైప్ 2ఎ’ వజ్రాలకు వాడుతుంటారు. అయితే అటువంటి వజ్రాలు దక్షిణాఫ్రికాలోనూ, లెసోతోలోనూ దొరుకుతాయి. 1867 తరువాత మార్కెట్టును నింపినవి ఆఫ్రికా వజ్రాలే కావడంతో, చేతులు మారిన చరిత్రను చూపే పత్రాలు లేనిదే యుద్ధకాలపు ఉంగరంలోని వజ్రాన్ని తెలుగు నేల వజ్రంగా ఒప్పుకోవడానికి వీల్లేదు.

కాపాడుకునే పద్ధతి

పల్లాడియం తన పరిమాణానికి సుమారు 900 రెట్ల హైడ్రోజన్ వాయువును పీల్చుకోగలదని 1860లలో థామస్ గ్రాహం చూపించాడు. పరిశ్రమకు వరమైన ఈ గుణం మరమ్మతు చేసే స్వర్ణకారుడికి చిక్కు తెస్తుంది. ఇంధన వాయువు ఎక్కువైన జ్వాలతో వేడిచేస్తే లోహం వాయువును పీల్చుకొని పెళుసుబారుతుంది, మధ్యస్థమైన వేడిలో దాని మీద నీలం, ఊదా రంగుల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఈ లోహంతో పరిచయం లేనివారు బంగారు టంకంతో అతికిన చోట పచ్చని గీత మిగులుతుంది. సేకర్త కొనేముందు ఉంగరం పట్టీ వెనుక భాగాన్ని, రాయిని పట్టి ఉంచే కొక్కేల కొనలను భూతద్దంతో చూడడం ఇందుకే అవసరం.

ఒకప్పుడు చౌక ప్రత్యామ్నాయంగా వచ్చిన ఈ లోహం, వాహనాల పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరాలకు అవసరమై, 2022 మార్చిలో ఔన్సుకు 3,000 డాలర్లను దాటి రికార్డు స్థాపించింది, ఆ తరువాత బాగా దిగివచ్చింది. లోహపు ధర చూసి పాత నగను కరిగిస్తే, ముద్ర, పొదుగు, కోత కలిసి చెప్పే చరిత్ర శాశ్వతంగా పోతుంది. కాబట్టి ఇటువంటి నగ ఎవరి ఇంట్లోనైనా ఉంటే, లేదా ఎవరైనా కొనదలిస్తే, గుర్తింపు పొందిన రత్న పరీక్షాలయం నివేదిక తీసుకోవాలి, రాళ్లు మార్చకుండా, లోపలి ముద్ర అరిగిపోయేలా మెరుగు పెట్టించకుండా ఉంచాలి, నగతో పాటు పాత రసీదులను, పెట్టెను కూడా భద్రపరచాలి.