పాత జె.సి.బి. కొనే ముందు

పెంటపోగు ఎత్తడానికి, పంట బోదె బాగుచేయడానికి, పశువుల పాక మెరక చేయడానికి జె.సి.బి.ని పిలవడం మన ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో మామూలైంది. కిరాయి ఎంతకాలం కట్టాలి, పాతదొకటి సొంతానికి కొందామని కొందరు ఆలోచిస్తున్నారు. అప్పు చేసి తెచ్చిన బండి మూలపడితే పాల డబ్బు వాయిదాలకే పోతుంది. అందుచేత ఈ నాలుగు సంగతులు తెలియజేస్తున్నాము.

ముందు లెక్క

గత రెండేళ్ళలో మీ సొంత పనికి ఎన్ని గంటలు కిరాయికి పిలిచారో కాగితం మీద వేసుకోండి. ఆ కిరాయి ఒకపక్క, బండి మీద వడ్డీ, డీజిలు, డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు మరోపక్క వేసి చూడండి. నాలుగు గేదెలు, రెండెకరాలు ఉన్న ఇంటికి ఈ లెక్క కుదరడం అరుదు. చుట్టుపక్కల నుంచి ఏడాది పొడుగునా పని వచ్చే నమ్మకం ఉంటేనే ముందుకు వెళ్ళండి.

ఏ నేలకు ఏ బండి

వెనుక తవ్వే చెయ్యి, ముందు ఎత్తే బకెట్ ఉన్న చక్రాల బండి ఏడు టన్నులకు పైగా బరువుంటుంది. తాడేపల్లిగూడెం మెట్ట వైపు గట్టినేలలో చక్కగా తిరుగుతుంది. కొల్లేటి పల్లపు నల్లమట్టిలో తడి ఉంటే కూరుకుపోతుంది. అక్కడ చెరువు పనికి గొలుసు మీద నడిచే పొక్లెయినే తగినది. ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో పనిచేసిన బండి అయితే అడుగుభాగం తుప్పు తప్పక చూడాలి.

బండి పరీక్ష

1. మీరు వెళ్ళేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. చల్లని ఇంజను సులభంగా అందుకోవాలి. నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్లు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లు.

2. వెనుక చెయ్యి చాపి, బకెట్‌ను నేలకు కాస్త పైన ఉంచి అటూ ఇటూ ఊపి చూడండి. పిన్నులు, బుష్‌లు అరిగి ఉంటే కీళ్ళ దగ్గర ఆట కనిపిస్తుంది. గంటల మీటరు తక్కువ చూపినా, పిన్నులు, పెడళ్ళు అరిగి ఉంటే మీటరును నమ్మవద్దు.

3. చెయ్యి మొదట్లో, చాసిస్ మీద పగుళ్ళు, కొత్త వెల్డింగు, కొత్త రంగు ఉన్నచోట శ్రద్ధగా చూడండి.

4. అరగంట పని చేయించి, ఆయిలు వేడెక్కాక బకెట్ పైకెత్తి ఇంజను ఆపండి. పది నిమిషాలలో బకెట్ బాగా కిందికి జారితే సిలిండరు సీళ్ళో, వాల్వులో పోయినట్లే. పైకెత్తిన చెయ్యి కింద ఎవరూ నిలబడరాదు.

5. అన్ని గేర్లలో నడిపి, బ్రేకులు వేసి చూడండి. మీకు నమ్మకమైన మెకానిక్కుని వెంట తీసుకువెళ్ళండి. అమ్మేవారి మెకానిక్కు మాట మీద ఆధారపడవద్దు.

కాగితాలు

ఆర్.సి. మీది ఇంజను, చాసిస్ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోవాలి. ఫైనాన్సు ఉంటే అది తీరినట్లు ఫారం 35, సంస్థ ఇచ్చే నో అబ్జెక్షన్ పత్రం చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. పన్ను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ గడువులు చూచుకోండి. పేరు మార్పిడికి ఫారాలు 29, 30 మీద సంతకాలు తీసుకోండి.

కొల్లేటి వారికి

1999లో జి.ఓ. 120 ద్వారా కొల్లేరు 5వ కాంటూరు వరకు అభయారణ్యమైంది. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. అక్కడ అనుమతి లేకుండా గట్టు వేసినా, నీటిదారి మళ్ళించినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నేరానికి వాడిన బండిని పట్టుకొనే అధికారం అధికారులకు ఉంది. కిరాయికి వెళ్ళిన బండికీ ఇదే వర్తిస్తుంది. కనుక భూమి కాంటూరుకు లోపలో బయటో తెలుసుకొనే పని ఒప్పుకోండి.

మా సలహా

ఎక్కువమంది సభ్యులకు కొనడం కంటే కలిసి పిలవడం మేలు. వేసవిలో నేల ఆరినప్పుడు సంఘంలో పదిమంది తమ పనులు ఒకే వారానికి పెట్టుకొంటే, బండి వచ్చిపోయే ఖర్చు అందరికీ పంచుకోవచ్చు. ఎవరికి ఎన్ని గంటల పనో రాసి పాలకేంద్రంలో ఇస్తే, కార్యదర్శి ద్వారా బేరం ఒక్కసారే కుదుర్చుకోవచ్చు.